లెక్కల పుస్తకం ఎవరింట్లో ఉన్నది?



పోయిన నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి నాలుగు పేజీలు ఉన్నది. వ్రాసిన సహోదరి తమ పేరు గాని ఊరి పేరు గాని వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. డెల్టా కాలువ క్రింది పల్లె అని మాత్రం చెప్పుకొందాము. నాలుగేళ్ల క్రితం పన్నెండు మంది స్త్రీలు కలిసి అక్కడ పొదుపు గ్రూపు పెట్టుకొన్నారు. మొదట నెలకు వంద, తరువాత రెండు వందలు వేసుకొన్నారు. బ్యాంకువారు ఆరు లక్షలు అప్పు ఇచ్చారు. తలకు యాభై వేలు వచ్చాయి. నెలకు తలా 1,750 రూపాయలు కట్టాలి. ఏడాదిపాటు ఒక్క వాయిదా తప్పలేదు. ఇప్పుడు ఒక సభ్యురాలు అయిదు నెలలుగా కట్టడం లేదు. ఆమె లీడరుగారికి స్వయానా తోడికోడలు.

"లెక్కల పుస్తకం లీడరు ఇంట్లో బీరువాలో ఉంటుంది. మీటింగులు మానేసి ఏడాదయింది. నెలకొకసారి ఆమె కూతురు పుస్తకం పట్టుకొని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకొని పోతుంది. లెక్క చూపించమంటే, నమ్మకం లేకపోతే మీరే ఉంచుకోండి అంటారు. ఆదివారం గుడిలో అందరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఒకరం ఈ మూల, ఒకరం ఆ మూల. మా ఆయన, ఆడవాళ్ల సంఘాలు ఇంతే అంటున్నారు. సంఘం విరిచేసుకొని ఎవరి డబ్బు వాళ్లం తెచ్చుకోవడం మంచిదేమో చెప్పండి" అని వ్రాశారు.

వారి ఆయనగారి మాటకు ముందుగా జవాబు చెప్పాలి. మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చింది. నాటి నుండి ఎక్కువగా మగవారే నడిపిన సొసైటీల లెక్కలు చూచినవారు ఎవరైనా ఆ మాట అనడానికి కొంచెం ఆలోచిస్తారు. ఇంతకు మించి అంటే మా ఇంట్లోనే తగవు వస్తుంది.

సంఘం అనే మాట మనకు చిత్రమైనది. ఆదివారం ఆరాధనకు కూడుకొనేదీ సంఘమే, నెలకు రెండు వందలు వేసుకొనేదీ సంఘమే. అందువలన ఒకదానిలో వచ్చిన చిచ్చు రెండవదానికి తేలికగా అంటుకొంటుంది. ఆ చాప మీది ఖాళీ ఆలాగు వచ్చినదే.

మన ప్రాంతంలో స్త్రీల సంఘాలు ఎట్లా పుట్టినవో ఈనాటి కోడళ్లకు తెలియకపోవచ్చును గనుక కొంచెం వెనుకకు పోదాము. పల్లె స్త్రీల కోసం డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. ఊరికొక గ్రూపు పెట్టి, కుట్టు మిషన్లో, బుట్టల అల్లికో నేర్పించి, కొంత సొమ్ము ఇచ్చేవారు. చాలా చోట్ల సొమ్ము అయిపోగానే గ్రూపూ అయిపోయేది. ఎవరో పైనుండి పిలిచి కూర్చోబెట్టిన గ్రూపు అది. పిలిచినవారు లేచి వెళ్లిపోతే కూర్చున్నవారికి ఎందుకు కూర్చున్నామో తెలియదు.

నెల్లూరు జిల్లాలో జరిగినది వేరు. 1990 తరువాత అక్కడ సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం జరిగింది. రాత్రిళ్లు లాంతర్ల వెలుగులో స్త్రీలు చదువుకు కూడుకొన్నారు. పగలు పొలంలో, రాత్రి ఇంట్లో, తమ బాధ తమలోనే దాచుకొన్నవారు అక్కడ ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. వాచకంలో సారా వలన పాడైన కుటుంబం కథ ఒకటి ఉండేది. అది చదివి, ఇది మన ఇంటి కథే గదా అనుకొన్నారు. 1992లో దూబగుంట అనే పల్లె స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకం మాన్పించారు. వారిలో ముందు నడిచిన వర్ధినేని రోశమ్మగారి పేరు పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది. ఆ ఊరి సంగతే మరొక వాచకంలో పాఠమై వచ్చి, ఇతర ఊళ్లవారు దాన్ని చదివి లేచారు. సారా వేలంపాటలు జరగనివ్వకుండా నెల్లూరులో స్త్రీలు గుంపులుగా నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది.

ఇక్కడ మేము గమనించినది ఒకటి చెప్పాలి. కోపం మనుష్యులను త్వరగా కలుపుతుంది, ఎక్కువ కాలం కట్టి ఉంచలేదు. సారా దుకాణం మూసివేసిన మరునాడు ఆ స్త్రీలు ఏమి చేయాలి? ఇంట్లో సారాకు పోయే డబ్బు మిగిలింది గదా, అందులో రోజుకొక రూపాయి ఎత్తిపెట్టండి అని 1993లో ఆ జిల్లాలోనే పొదుపులక్ష్మి పేరుతో పొదుపు సంఘాలు మొదలైనవి. నెలకు ముప్పది రూపాయలు. చిన్న మొత్తమే గాని, నెలనెలా తప్పక కలిసేటట్లు చేసింది ఆ ముప్పది రూపాయలే. అంతకు ముందు సంవత్సరమే నాబార్డు 500 స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపి చూడాలని ప్రయోగం మొదలుపెట్టింది. రిజిస్ట్రేషను లేకపోయినా సంఘం పేరు మీద ఖాతా తెరవవచ్చును, అప్పూ తీసుకోవచ్చును అన్న వీలు అక్కడి నుండి పెరిగింది. 1997లో మద్యనిషేధం సడలిపోయింది. పొదుపు సంఘాలు మాత్రం పోలేదు. వ్యతిరేకించడానికి కలిసినవారికి కలిసి చేసే పని ఒకటి దొరికింది గనుకనే నిలిచారని మా అభిప్రాయము.

ఇక సంఘంలో పని సంగతి. వరినాట్లలో మునుం పట్టడం మనలో ఎవరికి తెలియదు? పదిమంది వరుసగా నిలబడితే ఒక్కరు వెనుకబడినా వరుస వంగిపోతుంది. ప్రక్కనున్న ఆమె తన పని చేసుకొంటూనే వెనుకబడినదాని వంతులో నాలుగు పిలకలు నాటి వరుస సరిచేస్తుంది. "ఏమే, రాత్రి నిద్రపోలేదా" అని ఒక మాటా అంటుంది. ఎవరి వంతు ఏదో కంటికి కనబడుతుంది గనుక అక్కడ దొంగపని సాగదు.

ఫ్రాన్సు దేశంలో రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు ఒకడు మనుష్యుల చేత త్రాడు లాగించి, ఎవరి బలం ఎంతో కొలిచాడు. ఆ లెక్కలు 1913లో అచ్చయినవి. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరు తాము ఒంటరిగా లాగిన బలంలో ఇంచుమించు సగమే పెట్టారు. కొంత, అందరూ ఒక్క ఊపున లాగలేకపోవడం వలన. కొంత, ఎంతమంది లేరు, నేనెందుకు అన్న భావం వలన అని తరువాతివారు పరీక్షించి చెప్పారు. త్రాడు దగ్గర ఎవరి వంతు ఎంతో కనబడదు. మునుం దగ్గర కనబడుతుంది. పొదుపు సంఘంలో అట్లా కనబడేటట్లు చేసేది లెక్కల పుస్తకం ఒక్కటే. అది బీరువాలోకి పోయిన నాడు మునుం కాస్తా త్రాడు అయిపోతుంది.

సంఘాలకు పంచసూత్రాలని చెబుతారు. క్రమంగా కూడుకోవడం, క్రమంగా పొదుపు చేయడం, లోపల అప్పులు ఇచ్చుకోవడం, వేళకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా వ్రాయడం. పుస్తకాలను అయిదవదిగా ఎందుకు పెట్టారో మాకు తెలియదు గాని, మేమైతే దాన్ని మొదట పెట్టి ఉందుము. ఇంకొక మాట. పుస్తకం వ్రాయడం వేరు, చదివి వినిపించడం వేరు. అందంగా వ్రాసి ఎవరికీ వినిపించని పుస్తకాలు మేము చాలా చూచాము.

పోట్లాట వచ్చింది గనుక సంఘం పాడైపోయిందని ఆ సహోదరి అనుకొంటున్నారు. 1965లో అమెరికాలో టక్‌మన్ అనే మానసిక శాస్త్రవేత్త, గుంపుల మీద అంతకు ముందు వచ్చిన పరిశోధనలు పోగుచేసి చదివి, చిన్న గుంపు సాధారణంగా నాలుగు దశలలో నడుస్తుందని వ్రాశాడు. మొదట కలవడం. అప్పుడు అందరూ మర్యాదగా ఉంటారు. తరువాత తగవులాడుకోవడం. ఆ తరువాత కట్టుబాటు ఏర్పడడం. అటు తరువాతనే అసలైన పని. 1977లో మరొకరితో కలిసి అయిదవది చేర్చాడు, పని ముగించి విడిపోవడం. మన ఊళ్లలో కొత్త కాపురాలు చూచిన ఏ పెద్దమ్మను అడిగినా మొదటి నాలుగూ పరిశోధన లేకుండానే చెప్పగలదు. అయినను అతడు తగవును దారిలోని ఒక మజిలీగా పెట్టడం మాకు నచ్చింది. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం చదివినవారు ఎరుగుదురు, సంఘం సంఖ్య పెరిగిన వెంటనే విధవరాండ్రకు దినదినము చేసే పంపకం మీద సణుగు పుట్టింది. సణిగినవారిని వెళ్లగొట్టలేదు. పంపకం చూచుకోవడానికి ఏడుగురిని ఏర్పరచుకొన్నారు.

అయితే అన్ని సంఘాలూ ఈ దశలన్నీ దాటుతాయని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఈ గ్రూపు విషయం చూడండి. రెండేళ్లు సజావుగా నడిచింది. అది కలిసి ఉండడమా, లేక తగవును వాయిదా వేయడమా? లక్షల అప్పు చేతికి వచ్చే దాకా తగవు పడడానికి అందులో ఏమీ లేదు. డబ్బు పెరిగింది, కట్టుబాట్లు పెరగలేదు. నెలకు వంద రూపాయల సంఘానికి సరిపోయిన నమ్మకమే ఆరు లక్షల సంఘానికీ సరిపోతుందని అనుకొన్నారు.

విరిచేసుకోవడం గురించి కూడా ఒక మాట. సంఘం విరుగుతుంది గాని అప్పు విరగదు. ఆ అప్పు సంఘం పేరు మీద, అందరి బాధ్యత మీద ఇచ్చినది. పన్నెండు మందిలో పదకొండు మంది సక్రమంగా కట్టినా సంఘం ఖాతా బాకీలోనే కనబడుతుంది, మళ్లీ అప్పు పుట్టదు.

సంఘాలు పెరిగిన తీరు చెప్పేటప్పుడు చేదు సంగతి విడిచిపెట్టకూడదు. 2000 నుండి వెలుగు పథకం క్రింద చిన్న సంఘాలను కలిపి గ్రామ సమాఖ్యలు, వాటిని కలిపి మండల సమాఖ్యలు, జిల్లా సమాఖ్యలు కట్టారు. అదే కాలంలో, సంఘాలు బలంగా ఉన్న మన ప్రాంతానికే ప్రైవేటు సూక్ష్మఋణ కంపెనీలూ వచ్చాయి. అయిదుగురినో పదిమందినో గుంపు కట్టి, వారం వారం వసూలు చేసేవారు. ఒకామె కట్టలేకపోతే మిగిలినవారిని ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టేవారు. 2010లో ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చిన తరువాత, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారపు వసూళ్లను కట్టడి చేసింది, తరువాత అది చట్టమైంది. పొరుగింటి ఆమె ముఖం చూడాలన్న బిడియమే మంచి సంఘంలో వాయిదా కట్టిస్తుంది. అదే బిడియాన్ని బయటివాడు చేతిలోకి తీసుకొంటే అది ఉరి అవుతుంది. ఉపాయం ఒక్కటే, పట్టుకొన్న చేతులే వేరు. ఈ సంగతి మేము ఆ ఊరికి వెళ్లిన దినాన మరింత బాగా తెలిసింది.

అవును, వెళ్లాము. ఉత్తరానికి ఉత్తరంతో జవాబు వ్రాయడం మా వల్ల కాలేదు. రాత్రి ఎనిమిదింటికి, వంటలు ముగిసిన తరువాత, గుడి వరండాలో పదకొండు మంది కూడుకొన్నారు. పన్నెండవ ఆమె, అనగా అప్పు కట్టని ఆమె, చీకట్లో వేపచెట్టు క్రింద నిలబడి, రెండుసార్లు పిలిచిన తరువాత వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. లీడరుగారు పుస్తకాలన్నీ ఒక గుడ్డసంచిలో తెచ్చి మా ముందు పెట్టి, "చూచుకోండి" అన్నారు. మేము చూడలేదు. ఉత్తరం వ్రాసిన సహోదరినే చదవమన్నాము.

మొదటి పేజీ నుండి చదవడానికి గంటన్నర పట్టింది. ఒక్కొక్కరు తమ పేరు వచ్చినప్పుడు తమ పాసు పుస్తకం చూచుకొన్నారు. చదువు రానివారు వ్రేళ్ల మీద లెక్కపెట్టుకొన్నారు, వారి లెక్కే ముందుగా తేలింది. అయిదు నెలల క్రితపు పేజీకి వచ్చేసరికి, మెట్టు మీది ఆమె నెమ్మదిగా, "ఆ నెల నేను కట్టాను వదినా" అన్నారు. లీడరుగారు తల ఎత్తలేదు. పుస్తకంలో ఆ నెల 19,250 అని ఉన్నది. సంచి అడుగు నుండి బ్యాంకు చీటీ వెదికి తీస్తే అందులో 21,000 అని ఉన్నది. అనగా పన్నెండు మందీ కట్టారు. లీడరుగారి కూతురు ఆ ఒక్క పేరు వ్రాయడం మరచిపోయింది. అమ్మ చదవలేదు, సంతకం పెట్టినవారెవరూ చూడలేదు. మిగిలిన నాలుగు నెలల చీటీలు 19,250 చొప్పుననే ఉన్నాయి. కాబట్టి బాకీ ఉన్నది ఏడు వేలు.

ఏడు వేలు ఎందుకు ఆగిందో ఆమె అప్పుడు చెప్పారు. ఆమె భర్తకు ఆపరేషను అయింది. ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర ఎవరికీ తెలియకుండా నలభై వేలు తెచ్చారు. ఆ వాయిదాలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. "వాళ్లు వచ్చి గుమ్మం ముందు కూర్చుంటారమ్మా. మీరైతే మనవాళ్లు, ఆగుతారు గదా అనుకొన్నాను" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. పరువు తీసేవాడికి ముందు కట్టి, ఓర్చుకొనేవారికి వెనుక కట్టడం ఆమె ఒక్కర్తే చేసిన పని కాదని అక్కడ కూర్చున్నవారందరికీ తెలుసు. మీటింగులు నడిచి ఉంటే ఆ నలభై వేలు సంఘంలోనే దొరికేవి. వారి పొదుపు ఖాతాలో అంతకంటె ఎక్కువే ఉన్నది.

అప్పుడు లీడరుగారికి దుఃఖం వచ్చింది. "నాలుగేళ్లుగా బ్యాంకుకు నేనే తిరిగాను. పోను రాను ఆటోకు ఎనభై రూపాయలు. ఆ పూట కూలీ పోయేది. ఎవరైనా ఒక్కనాడు, అక్కా ఆటోకి డబ్బులున్నాయా అని అడిగారా? ఇప్పుడు దొంగ అంటున్నారు" అన్నారు. అది నిజమే. సంఘంలో అన్ని పనులూ ఒక్కరి మీద పడేస్తే ఆమె కొన్నాళ్లకు సంఘం తన సొంతమనుకొంటుంది, మిగిలినవారు తమది కాదనుకొంటారు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పని మమ్మల్ని అడిగితే చెప్పలేము. కాని పుస్తకం అడిగినవారిని నిష్ఠూరమాడడం మాత్రం తప్పేనని ఆమెతో అక్కడే అన్నాము.

ఆ రాత్రి వారే కొన్ని సంగతులు అనుకొన్నారు. నెలకు రెండుసార్లు, అయిదవ తేదీన, ఇరవయ్యవ తేదీన కూడుకోవాలి. బ్యాంకుకు ఇద్దరిద్దరు వంతుల ప్రకారం వెళ్లాలి, ఆటో ఖర్చు, కూలి నష్టానికి నూరు రూపాయలు సంఘం సొమ్ములో నుండి ఇవ్వాలి. లీడరు రెండేళ్లకొకసారి మారాలి. ఏడు వేలకు గడువు ఎంత అన్న దగ్గర మళ్లీ మాటలు పెరిగాయి. ఒకామె లేచి వెళ్లిపోయారు కూడాను. మేము ఆఖరి బస్సు కోసం లేవవలసి వచ్చింది. వెనుక గొంతులు వినబడుతూనే ఉన్నాయి.

నిన్న ఆ సహోదరి దగ్గర నుండి కార్డు వచ్చింది. మూడు మీటింగులు అయ్యాయట. పుస్తకాలు రేకుపెట్టెలో పెట్టి, పెట్టె ఒకరింట్లో, తాళంచెవి మరొకరింట్లో ఉంచుతున్నారు. బాకీ ఉన్న ఆమె రెండు వేలు కట్టారు, మిగిలినది మినుములు అమ్మిన తరువాత కడతామన్నారు. లేచి వెళ్లిపోయిన ఆమె, తన వంతు అప్పు తీరగానే మానుకొంటానని కాగితం వ్రాసి ఇచ్చారు. లీడరుగారు ఆ సహోదరితో ఇంకా మాట్లాడడం లేదు గాని మీటింగుకు అందరికంటె ముందే వచ్చి చాప పరుస్తున్నారట.